దత్తత, పెంపకం, సంరక్షణ: మాట మారితే బిడ్డ బ్రతుకు మారుతుంది

గత సంవత్సరం వర్షాకాలంలో ఒక సాయంత్రం మగ్రిబ్ నమాజు ముగించుకుని ఇంటికి చేరేసరికి, నందికొండ హిల్ కాలనీలోని మా వరండాలో ఇద్దరు స్త్రీలు కూర్చుని ఉన్నారు. వారు వదినా ఆడబిడ్డలు. ఒకరి ముఖం ఒకరు చూడడం లేదు. ఇద్దరి నడుమ ఏడేండ్ల బాలిక. ఆ బాలికను కన్నది ఒకరు, పెంచినది మరొకరు. పెంచిన ఆమె చేతిలో ప్లాస్టిక్ కవరులో భద్రంగా దాచిన వంద రూపాయల స్టాంపు కాగితం ఉన్నది. "చాచా, యే కాగజ్ ఆపీచ్ తో లిఖాయే నా?" అని అడిగింది ఆమె. ఈ కాగితం మీరే కదా వ్రాయించారు అని దాని అర్థం.

నిజమే. ఆ కాగితాన్ని వ్రాయించినది నేనే. మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పని చేసినవాడిని. దరఖాస్తు వ్రాయాలన్నా, అఫిడవిట్ చదవాలన్నా మన వాళ్ళు నా దగ్గరికే వస్తారు. ఏడేండ్ల క్రితం సంతానం లేని ఆడబిడ్డకు అన్నావదినలు తమ మూడవ కూతురిని ఇవ్వదలచినప్పుడు కూడా నా దగ్గరికే వచ్చారు. రెండు కుటుంబాలూ సంతోషంగా ఉన్నవి. నేను మాటలు చెప్పాను, దస్తావేజు లేఖరి వ్రాశాడు. ఇరుపక్షాలూ సంతకాలు చేశాయి. మిఠాయి పంచుకున్నారు.

ఇప్పుడు ఆ కాగితాన్ని మళ్ళీ చదివాను. "మా కుమార్తెను దత్తత ఇచ్చితిమి." "ప్రసవ ఖర్చుల నిమిత్తం ఇరవై వేల రూపాయలు ప్రతిఫలముగా ముట్టినవి." "ఇక మీదట మాకు గాని, మా వారసులకు గాని ఎట్టి హక్కు లేదు." ఈ మూడు వాక్యాలూ నేను చెప్పినవే. అవి ఎక్కడివో పాఠకులు ఈపాటికి గుర్తుపట్టి ఉంటారు. అది భూమి క్రయపత్రం భాష. గుమాస్తా చేతికి అలవాటైన భాష. ఒక పసిబిడ్డను గురించి వ్రాస్తూ, రెండు గుంటల ఇంటి స్థలాన్ని గురించి వ్రాసినట్టు వ్రాయించాను.

బాలిక తండ్రి మరణించాడు. భర్తను పోగొట్టుకున్న తల్లి తన బిడ్డ తన దగ్గర ఉండాలన్నది. పెంచిన తల్లి కాగితం చూపించింది. పెద్దల సమక్షంలో మాట్లాడుకుంటూ ఉండగానే, ఒక బంధువు ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని "ప్రతిఫలము" అన్న మాట దగ్గర వ్రేలు పెట్టి, "అంటే కొన్నారన్న మాటేగా" అన్నాడు. అక్కడితో సంభాషణ ఆగిపోయింది. పెంచిన తల్లి భయపడింది. ఆశ్చర్యమేమిటంటే, కన్నతల్లి కూడా అంతే భయపడింది. కొన్నవారు ఉంటే అమ్మినవారు కూడా ఉండాలి గదా!

ఈ సంపాదకీయం ఆ కుటుంబాన్ని గురించి కాదు. ఆ కాగితంలోని మాటలను గురించి. పిల్లల పెంపకంపై తలెత్తే తగాదాలలో న్యాయం ఎవరి వైపు ఉన్నదన్న ప్రశ్న కంటే ముందే, ఏ మాట వాడారన్నది సగం తీర్పు చెప్పేస్తున్నది. ఈ సంగతి మన సముదాయం తెలుసుకోవలసిన సమయం వచ్చింది.

దత్తత అన్న మాట ఎవరిది?

మన ఇళ్ళలో ఈ అనుబంధానికి చాలా మాటలున్నవి. తెలంగాణ పల్లెలో "సాదుకున్న బిడ్డ" అంటారు. మన దక్కనీలో "గోద్ లియే" అంటారు, "లేపాలక్" అంటారు. ఈ మాటలలో ప్రేమ ఉన్నది, బాధ్యత ఉన్నది. కాని చట్టపరమైన నిర్వచనం లేదు. వీటన్నిటినీ కాగితం మీద పెట్టేటప్పుడు మాత్రం "దత్తత" అనే ఒకే మాట వ్రాస్తున్నాం.

మన దేశంలో ఆ మాటకు చాలాకాలం ఒకే చట్టం అర్థం చెప్పింది. అది 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం. హిందువులకు, బౌద్ధులకు, జైనులకు, సిక్కులకు అది వర్తిస్తుంది. ముస్లింలకు, క్రైస్తవులకు, పారశీకులకు, యూదులకు వర్తించదు. అంటే ముస్లిం దంపతులు స్టాంపు కాగితం మీద, నోటరీ ముద్రతో, ఇద్దరు సాక్షులతో ఎంత పకడ్బందీగా వ్రాసుకున్నా, ఆ "దత్తత పత్రం" ఆ చట్టం దృష్టిలో దత్తత కాదు. నేను వ్రాయించిన కాగితం మొదటి వాక్యమే చెల్లదు.

పెంచిన పిల్లల విషయంలో ఇస్లామీయ న్యాయశాస్త్రం మొదటి నుండీ వేరే మార్గంలో నడిచింది. హజ్రత్ జైద్ బిన్ హారిసా (రజి)ను దైవప్రవక్త (స) పెంచుకున్నారు. ప్రజలు ఆయనను జైద్ బిన్ ముహమ్మద్ అని పిలిచేవారు. దివ్య ఖుర్‌ఆన్‌లోని 33వ సూరా అల్ అహ్‌జాబ్ 4, 5 ఆయతులు అవతరించిన తరువాత ఆయన తిరిగి జైద్ బిన్ హారిసా అయ్యారు. పెంచిన బిడ్డను కన్నతండ్రి పేరుతోనే పిలవాలన్నది, తండ్రి ఎవరో తెలియని బిడ్డను ధర్మ సోదరునిగా చూడాలన్నది ఆ ఆదేశ సారాంశం. బిడ్డను పెంచవద్దని అక్కడ లేదు. బిడ్డ పుట్టుకను దాచవద్దని మాత్రమే ఉన్నది. అనాథను ఆదుకోవడం మహా పుణ్యకార్యమని బాల్యం నుండి వింటూనే ఉన్నాం. వంశాన్ని చెరిపివేయకుండా బిడ్డ భారం వహించడాన్ని "కఫాలా" అన్నారు. 1989లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 20వ అధికరణం, కుటుంబం కోల్పోయిన బిడ్డకు చూపవలసిన ప్రత్యామ్నాయాలలో దత్తతతో పాటు కఫాలాను కూడా పేరు పెట్టి పేర్కొన్నది. మన మాటకు ప్రపంచ న్యాయంలో స్థానం ఉన్నది. మన దేశ చట్టంలోనే దానికి సమానమైన పేరు లేదు.

బ్రిటిషు కాలపు న్యాయస్థానాలు ఈ తేడాను గుర్తించకపోలేదు. 1888లో అలహాబాదు హైకోర్టులో జస్టిస్ మహమూద్ ఇచ్చిన ప్రసిద్ధ తీర్పు, "ఇక్రార్"కు దత్తతకు గల తేడాను స్పష్టం చేసింది. పుట్టుక విషయంలో సందేహం ఉన్న బిడ్డను ఈ బిడ్డ నా రక్తమేనని తండ్రి అంగీకరించడం ఇక్రార్. ఇతరుల బిడ్డ అని తెలిసి తన బిడ్డగా చేసుకోవడం దత్తత. మొదటిది షరియత్‌లో ఉన్నది, రెండవది లేదు. 1937 నాటి షరియత్ అన్వయ చట్టంలో కూడా దత్తతను ప్రధాన జాబితాలో చేర్చలేదు. ఎవరైనా మూడవ సెక్షన్ క్రింద ప్రత్యేకంగా ప్రకటన చేసుకుంటేనే దత్తత, వీలునామా విషయాలలో కూడా షరియత్ వర్తిస్తుందన్నది అందులోని ఏర్పాటు. ఈ సంగతి తెలిసినవారు మనలో చాలా తక్కువ.

1972లో అన్ని మతాలవారికీ వర్తించే దత్తత బిల్లు పార్లమెంటుకు వచ్చింది. ముస్లింల అభ్యంతరాల నడుమ 1978లో దానిని ఉపసంహరించారు. 1980లో ముస్లింలను మినహాయించి మరొక బిల్లు తెచ్చారు. అదీ చట్టం కాలేదు. ఆ చర్చలో ఇరుపక్షాలూ "దత్తత" అన్న ఒక్క మాట చుట్టూనే తిరిగాయి. కఫాలాకు తగిన చట్టరూపం ఏమిటని అడిగినవారు అరుదు. ఆ నష్టాన్ని మన పిల్లలు ఈనాటికీ భరిస్తున్నారు.

సంరక్షకుడు అన్న మాటకు రెండు ముఖాలు

దత్తత లేనివారికి మిగిలినది 1890 నాటి సంరక్షకుల, సంరక్షితుల చట్టం. దాని క్రింద న్యాయస్థానం సంరక్షకుని నియమిస్తుంది. బిడ్డకు 18 ఏండ్లు నిండగానే ఆ బంధం ముగుస్తుంది. వారసత్వం లేదు. బడిలో "తండ్రి పేరు" అన్న గడి దగ్గర ఆ బిడ్డ ఆగిపోవలసినదే. మన కుటుంబాలలో "సంరక్షకుడు" అన్న మాట రెండవ తరగతి మాటగా మిగిలిపోవడానికి కారణం ఇదే.

అయితే ఇదే మాట మరొక చోట ఎంత బలంగా పని చేసిందో మన జిల్లా చరిత్రలోనే ఉన్నది. విదేశీయులు భారతీయ బిడ్డను దత్తత తీసుకోవడానికి ఇక్కడ నేరుగా చట్టం లేని రోజుల్లో, వారు 1890 చట్టం క్రిందనే ఇక్కడి న్యాయస్థానంలో సంరక్షకులుగా నియామకం పొంది, బిడ్డను విమానం ఎక్కించి, తమ దేశంలో దత్తత పూర్తి చేసుకునేవారు. 1984 ఫిబ్రవరి 6న లక్ష్మీకాంత్ పాండే కేసులో సుప్రీంకోర్టు ఈ పద్ధతికి కట్టుదిట్టమైన నియమాలు విధించింది. కన్నవారికి ప్రలోభం చూపరాదని, బిడ్డను అప్పగించడమంటే ఏమిటో వారికి అర్థమయ్యేలా చెప్పాలని, పునరాలోచనకు వ్యవధి ఇవ్వాలని చెప్పింది. ఆ నియమాల నుండే తరువాత కేంద్ర దత్తత వనరుల సంస్థ, అంటే "కారా", ఏర్పడింది.

నియమాలు కాగితం మీద ఉండగానే, 1999లోనూ తిరిగి 2001లోనూ హైదరాబాదులోని కొన్ని దత్తత సంస్థల వ్యవహారం వెలుగులోకి వచ్చింది. మన పొరుగున ఉన్న దేవరకొండ, చందంపేట ప్రాంతాల తండాల నుండి, పాలమూరు వైపు నుండి లంబాడీ శిశువులు దళారుల చేతుల మీదుగా ఆ సంస్థలకు చేరారు. ఆడపిల్ల పుట్టిన తండా ఇంటికి ఏ కొద్ది రూపాయలో ముట్టాయి. విదేశీ దత్తతకు చెల్లింపులు మాత్రం డాలర్లలో జరిగాయి. ఈ రెండు మొత్తాల నడుమ ఉన్నది ఒక కాగితం. ఆ కాగితం పేరు "పరిత్యాగ పత్రం". లంబాడీలు మాట్లాడే గోర్ బోలీకి సొంత లిపి లేదు. ఆ తల్లికి తెలుగు చదవడం రాదు, ఇంగ్లీషు అసలే రాదు. ఆమె వేలిముద్ర క్రింద మాత్రం తన బిడ్డపై సర్వహక్కులనూ శాశ్వతంగా వదులుకుంటున్నట్టు వ్రాసి ఉంటుంది. ఆమె దృష్టిలో ఆ పని బిడ్డను "హాస్టల్‌లో వేయడం" కావచ్చు, "పెద్దింట సాదుకోవడానికి పంపడం" కావచ్చు. మూడు భాషలలో మూడు వేర్వేరు పనులు. చెల్లుబాటైనది మాత్రం ఇంగ్లీషు పనే.

ఆ తరువాత, 2001లో, పేదరికం వల్ల గాని, పిల్లలు ఎక్కువ కావడం వల్ల గాని, పుట్టినది ఆడపిల్ల కావడం వల్ల గాని బిడ్డను అప్పగించడాన్ని అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. అది మంచి ఉత్తర్వే. కాని పత్రికల శీర్షికలలో నిలిచిపోయిన మాట మాత్రం "శిశు విక్రయాలు". దళారి పేరు మరచిపోయాం, తండా పేరు గుర్తుంచుకున్నాం. ఒక పేద సముదాయం మొత్తానికి "అమ్మకందారులు" అన్న ముద్ర ఎలా పడుతుందో ముస్లింలకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. పేదరికాన్ని నేరంగా అనువదించే భాషకు మనమూ బాధితులమే.

అమెరికాలోని అలబామా రాష్ట్రంలో న్యాయశాస్త్రం బోధించే ఆచార్యుడు డేవిడ్ స్మోలిన్ దంపతులు 1998లో మన ఉమ్మడి రాష్ట్రం నుండి ఇద్దరు అక్కచెల్లెళ్ళను దత్తత తీసుకున్నారు. పిల్లలు చేరిన కొద్ది రోజులకే, తల్లి వారిని వదులుకోలేదని, ఆమెను మోసగించి వారిని తీసుకున్నారని తెలిసింది. ఆయన 2006లో ఒక న్యాయ పత్రికలో దీర్ఘ వ్యాసం వ్రాస్తూ, నల్లధనాన్ని తెల్లధనంగా మార్చే ప్రక్రియతో ఈ వ్యవహారాన్ని పోల్చారు. అక్రమంగా తెచ్చిన బిడ్డను సక్రమమైన కాగితాలతో కడిగి "దత్తత బిడ్డ"గా చూపడమన్న మాట. ఆ కాగితాలలో ప్రతి ముద్రా అసలైనదే. మాటలే అబద్ధం.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. బిడ్డను కన్నతండ్రి పేరుతో పిలవండి అన్న ఆదేశాన్ని పాతకాలపు కట్టుబాటుగా కొట్టిపారేసేవారు ఉన్నారు. నల్లగొండ తండాల అనుభవం చూసిన తరువాత ఆ ఆదేశంలోని వివేకం బోధపడుతుంది. బిడ్డ పుట్టుకను చెరపకూడదన్న నియమం ఒక్కటి నిజాయితీగా అమలు జరిగి ఉంటే, దళారికి సరుకే ఉండేది కాదు. ఏ బిడ్డ ఏ తల్లిదో చెప్పవలసి వచ్చినప్పుడు దొంగతనం సాగదు.

అనాథ ఎవరు? యతీమ్ ఎవరు?

మరొక మాట చూడండి. షరియత్‌లో "యతీమ్" అంటే యుక్తవయస్సు రాకముందే తండ్రిని కోల్పోయిన బిడ్డ. తల్లి బ్రతికి ఉన్నా ఆ బిడ్డ యతీమే. ఆ మాట సముదాయం మీద బాధ్యతను మోపుతుంది గాని, తల్లి ఒడి నుండి బిడ్డను వేరు చేయదు. తెలుగులో "అనాథ" అంటే నాథుడు లేనివాడు, దిక్కు లేనివాడు. 2015 నాటి బాల న్యాయ చట్టంలో అనాథ అంటే కన్న లేక దత్తత తల్లిదండ్రులు గాని చట్టబద్ధ సంరక్షకుడు గాని లేని బిడ్డ, లేదా సంరక్షకుడు ఉన్నా పోషించడానికి ఇష్టపడని, శక్తి లేని బిడ్డ. అమెరికా వలస చట్టంలోనైతే, తల్లి బ్రతికి ఉన్నా, ఆమె ఒక్కతే మిగిలి, పోషించే శక్తి లేక, విదేశీ దత్తతకు తిరుగులేని అనుమతి వ్రాసి ఇస్తే, ఆ బిడ్డ కూడా అనాథే.

వితంతువైన ఒక పేద తల్లి "నా బిడ్డ యతీమ్" అని కన్నీళ్ళతో చెప్పిందనుకోండి. వినే గుమాస్తా ఫారంలో "అనాథ" అని వ్రాస్తాడు. ఆ ఫారం ఇంకొకరి చేతిలో పడితే, ఆ తల్లి ఉనికే చెరిగిపోతుంది. ఇది ఊహ కాదు, నా వంటి గుమాస్తాలు ప్రతిరోజూ చేసే అనువాదం. మన యతీమ్‌ఖానాలలో తల్లి ఉన్న పిల్లలు ఎందరో ఉన్నారు. వారిని రిజిస్టరులో ఏ మాటతో నమోదు చేస్తున్నామో ప్రతి నిర్వాహక కమిటీ ఈ నెలలోనే ఒకసారి తెరచి చూడాలి.

అదే చట్టంలో ఇంకా రెండు మాటలున్నవి. "పరిత్యక్త బిడ్డ" అంటే కన్నవారు విడిచిపెట్టగా, విచారణ జరిపి బాలల సంక్షేమ సమితి ఆ విధంగా ప్రకటించిన బిడ్డ. "అప్పగించిన బిడ్డ" అంటే తమ వశంలో లేని శారీరక, మానసిక, సామాజిక కారణాల వల్ల కన్నవారే సమితి ముందు హాజరై అప్పగించిన బిడ్డ. అప్పగించిన తల్లిదండ్రులకు పునరాలోచనకు రెండు నెలల గడువు ఉన్నది. పరిత్యక్త బిడ్డ విషయంలో, రెండేండ్ల లోపు వయస్సైతే రెండు నెలలలో, పైబడితే నాలుగు నెలలలో విచారణ ముగించి దత్తతకు అర్హతను ప్రకటిస్తారు. ఆ గడువులో కన్నవారు రాకపోతే తలుపు మూసుకుంటుంది. ఆసుపత్రిలో బిడ్డను వదిలి, ఊరికి వెళ్ళి, ఇంటి పెద్దను ఒప్పించి తిరిగి వచ్చేసరికి తల్లికి ఎన్ని నెలలు పడుతుందో అది ఆమె బీదరికం నిర్ణయిస్తుంది. "వదిలింది" అన్న మాటకు "పరిత్యజించింది" అన్న మాటకు మధ్య దూరం ఆ కొద్ది నెలలే.

2024 మే నెలలో రాచకొండ పోలీసు కమిషనరేట్ పరిధిలోని మేడిపల్లిలో శిశువులను తెచ్చి అమ్మే ముఠా పట్టుబడినప్పుడు, ఈ మాటల పోరు మరొకసారి చూశాం. పోలీసుల భాషలో అది రవాణా, విక్రయం. బాలల సంక్షేమ సమితి భాషలో వారు రక్షణ, సంరక్షణ అవసరమైన పిల్లలు. పెంచుకుంటున్నవారి భాషలో వారు తమ బిడ్డలు, తాము తల్లిదండ్రులు. అందులో కొందరు న్యాయస్థానాలను ఆశ్రయించారు. పిల్లలను తీసుకుపోతూ ఉంటే ఆ తల్లులు ఏడ్చిన దృశ్యం ఎవరూ మరువలేరు. ఎక్కడో ఏడ్చి ఉండవలసిన కన్నతల్లులు ఆ దృశ్యంలో లేరన్న సంగతినీ మరువరాదు. నేరం చేసినది దళారి. శిక్ష మొదట పడినది పసిబిడ్డకు.

ఇప్పుడు ఉన్న మార్గాలు

బాల న్యాయ చట్టం మతంతో నిమిత్తం లేని చట్టం. 2014 ఫిబ్రవరి 19న షబ్నం హష్మీ కేసులో సుప్రీంకోర్టు, ఏ మతానికి చెందినవారైనా ఆ చట్టం క్రింద దత్తత తీసుకోవచ్చునని, వైయక్తిక చట్టం దానికి అడ్డు కాదని చెప్పింది. అదే సమయంలో అది ఎవరినీ బలవంతపెట్టే చట్టం కాదని, తన విశ్వాసాన్ని అనుసరించేవారు అలాగే ఉండవచ్చునని కూడా చెప్పింది. దత్తతను ప్రాథమిక హక్కుగా ప్రకటించడానికి అంగీకరించలేదు. ఈ తీర్పును కొందరు మతంపై దాడి అన్నారు, కొందరు విముక్తి అన్నారు. చదివితే అది రెండూ కాదు. అది ఒక తలుపు. లోపలికి వెళ్ళడం, వెళ్ళకపోవడం ఎవరి అంతరాత్మకు వారిది.

ఆ చట్టం ప్రకారం దత్తత అంటే బిడ్డ కన్నవారి నుండి శాశ్వతంగా వేరుపడి, పెంచేవారికి సకల హక్కులతో చట్టబద్ధ సంతానం కావడం. ఈ నిర్వచనాన్ని తెలిసి ఒప్పుకునేవారు ఆ మార్గంలో వెళ్ళవచ్చు. 2022 సెప్టెంబరు నుండి దత్తత ఉత్తర్వు ఇచ్చే అధికారం న్యాయస్థానం నుండి జిల్లా మేజిస్ట్రేటుకు, అంటే కలెక్టరుకు మారింది. బంధువుల బిడ్డను దత్తత తీసుకోవడానికి 56వ సెక్షన్ ప్రత్యేకంగా వీలు కల్పిస్తున్నది. బాబాయి, మేనత్త, మేనమామ, పినతల్లి, తాతలు, అమ్మమ్మ, నాయనమ్మ వంటివారు మతంతో సంబంధం లేకుండా ఈ వీలును వాడుకోవచ్చు. కన్నవారి సమ్మతి కావాలి. ఐదేండ్లు నిండిన బిడ్డ సమ్మతి కూడా కావాలి. మా వరండాలో కూర్చున్న ఆ మేనత్తకు ఏడేండ్ల క్రితం ఏ దారి చూపాలో నాకు తెలిసి ఉంటే, ఆ స్టాంపు కాగితం పుట్టి ఉండేది కాదు.

ఆ నిర్వచనాన్ని మనస్సు ఒప్పుకోనివారు 1890 చట్టం క్రింద సంరక్షకత్వం పొందవచ్చు. బిడ్డ ఆర్థిక భద్రత కొరకు జీవితకాలంలోనే హిబా చేయవచ్చు. ఆస్తిలో మూడవ వంతు వరకు వసీయత్ వ్రాయవచ్చు. ఇవి షరియత్ హద్దులలోనే ఉన్నవి. బిడ్డ కన్నతండ్రి పేరు నిలుస్తుంది, పెంచినవారి ప్రేమ నిలుస్తుంది, అన్నము పెట్టే ఆస్తి కూడా నిలుస్తుంది. "వారసత్వం లేదు కనుక పెంపకం వ్యర్థం" అనుకునేవారు హిబాను, వసీయత్‌ను మరచిపోతున్నారు.

తల్లిదండ్రుల తగాదాలలో ఇంకొక గందరగోళం ఉన్నది. "హిజానత్" అంటే బిడ్డను దగ్గర ఉంచుకుని పెంచే హక్కు. హనఫీ విధానంలో కొడుకు ఏడేండ్ల వరకు, కూతురు యుక్తవయస్సు వరకు తల్లి దగ్గర ఉంటారు. "విలాయత్" అంటే బిడ్డ వ్యవహారాలపై, ఆస్తిపై అధికారం. అది ప్రధానంగా తండ్రిది, ఆయన తరువాత తాతది. మన పంచాయతీలలో విలాయత్ ఉన్నవారు హిజానత్ కూడా తమదేనని బిడ్డను లాక్కోవడం నేను చూశాను. రెండింటినీ ఒకే "హక్కు" అని తెలుగులో చెప్పడం వల్ల వచ్చిన అన్యాయమిది. భర్త పోయిన తల్లిని అలా అడ్డగించడం షరియత్ పేరుతో జరిగే షరియత్ వ్యతిరేక చర్య.

ఇక జాగ్రత్త వహించవలసిన విషయం. అనాథ, పరిత్యక్త, అప్పగించిన బిడ్డను నిర్ణీత పద్ధతి లేకుండా దత్తతకు ఇవ్వడం, పుచ్చుకోవడం 80వ సెక్షన్ క్రింద నేరం. మూడేండ్ల వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. బిడ్డను ఏ ఉద్దేశంతోనైనా అమ్మడం, కొనడం 81వ సెక్షన్ క్రింద ఐదేండ్ల వరకు కఠిన కారాగార శిక్షకు, లక్ష రూపాయల జరిమానాకు దారి తీస్తుంది. వదిలివేసిన బిడ్డ దొరికితే 24 గంటలలో సమాచారం ఇవ్వాలి. 1098కు ఫోను చేయవచ్చు. "అల్లాహ్ ఇచ్చిన బిడ్డ" అని ఇంట్లో ఉంచుకోవడం ప్రేమే కావచ్చు. ఎక్కడో ఒక తల్లి ఆ బిడ్డ కోసం వెదుకుతూ ఉండవచ్చు కూడా.

మనం చేయవలసినది, ప్రభుత్వం చేయవలసినది

మొదట మన సంగతి. మస్జిదు కమిటీలు, దస్తావేజు లేఖరులు, నా వంటి "చదువుకున్న పెద్దలు" స్టాంపు కాగితం మీద దత్తత వ్రాయడం మానివేయాలి. బిడ్డను గురించిన ఏ కాగితంలోనూ "ప్రతిఫలము", "ముట్టినవి", "సర్వహక్కులు", "దఖలు" అన్న మాటలు ఉండరాదు. ఆసుపత్రి ఖర్చు భరిస్తే అది సహాయం. దానిని బిడ్డతో ముడిపెట్టి వ్రాయరాదు. ఎవరైనా సలహాకు వస్తే, నల్లగొండలోని బాలల పరిరక్షణ విభాగానికి, బాలల సంక్షేమ సమితికి వెంట వెళ్ళాలి. కాగితం వ్రాసిచ్చి పంపడం కంటే వెంట వెళ్ళడం కష్టమే. ఆ కష్టానికి ఓర్చుకోలేకనే నేను ఆనాడు కాగితం వ్రాయించాను.

ప్రభుత్వాన్ని అడగవలసినవి నాలుగు. అప్పగింత పత్రం తల్లి మాట్లాడే భాషలో, తెలుగు గాని ఉర్దూ గాని, ఉండాలి. 2017 నుండి ఉర్దూ రాష్ట్రమంతటా రెండవ అధికార భాష. గోర్ బోలీ, చెంచు మాటలు మాట్లాడే తల్లులకు ఆ భాష తెలిసిన మనిషి నోటితో చదివి వినిపించి, విన్నదని సాక్ష్యం నమోదు చేయాలి. బడి ప్రవేశ పత్రం మొదలు ప్రతి దరఖాస్తులో "తండ్రి" గడి ప్రక్కన "చట్టబద్ధ సంరక్షకుడు" గడి ఉండాలి, ఆ గడికి సమాన విలువ ఉండాలి. బిడ్డకు 18 ఏండ్లు నిండినా గౌరవం పోని విధంగా, కఫాలాకు తగిన చట్టరూపం గురించి మైనారిటీ సంస్థలతో చర్చించాలి. అన్నిటికంటే ముఖ్యంగా, పేదరికం కారణంగా బిడ్డను వదులుకోవడానికి వచ్చిన తల్లికి అప్పగింత ఫారం ఇచ్చే ముందు పోషణ సహాయం ఫారం ఇవ్వాలి.

మా వరండాకు వచ్చిన ఇద్దరు స్త్రీలను గురించి పాఠకులు అడుగుతారు. వారిని వెంటబెట్టుకుని నల్లగొండ వెళ్ళాను. ఆ కాగితం నేనే వ్రాయించానని, డబ్బు చేతులు మారినది ప్రసవపు బిల్లు కొరకేనని, అమ్మకం కొనుగోలు అన్న ఆలోచన ఎవరికీ లేదని అధికారుల ఎదుట వ్రాతపూర్వకంగా చెప్పాను. తుది ఉత్తర్వు ఇంకా రాలేదు. అంతవరకు బాలిక మేనత్త ఇంట్లోనే ఉంటున్నది. ప్రతి జుమా నాడు కన్నతల్లి వచ్చి చూసి వెళుతున్నది. వదినా ఆడబిడ్డలు మళ్ళీ మాట్లాడుకుంటున్నారు.

ఒకనాడు ఆ బాలిక బడి ఫారం నింపడానికి నా దగ్గరికే తెచ్చారు. తండ్రి పేరు గడిలో మరణించిన తండ్రి పేరు వ్రాశాను. తల్లి పేరు గడిలో కన్నతల్లి పేరు వ్రాశాను. సంరక్షకుల గడి లేదు. అంచున ఖాళీ స్థలంలో మేనత్త పేరు వ్రాసి, పక్కన "పెంచుచున్నవారు" అని చేర్చాను. చెల్లుతుందో లేదో తెలియదు. ఆ మాట మాత్రం నిజం.